బరిలో కలవని వీరులు

సంక్రాంతి అంటే ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు, గంగిరెద్దు. గోదావరి జిల్లాల వాళ్లను అడిగితే ఈ జాబితాకు కోడిపందెం కూడా చేరుస్తారు. చట్టం కాదన్న ఆ పందేలను వెనకేసుకు రావడం మన ఉద్దేశం కాదు గానీ, వాటి వెనక ఉన్న కుక్కుటశాస్త్రం మాత్రం తమాషా అయినది. కాకి, డేగ, నెమలి, సేతువ అంటూ ఈకల రంగును బట్టి కోళ్లకు పేర్లు పెట్టి, ఏ వారం ఏ రంగు కోడి ఏ రంగు కోడి మీద నెగ్గుతుందో అవి బరిలోకి దిగకముందే చెప్పేస్తుంది. పందెం పోగొట్టుకున్న ఆసామి కూడా శాస్త్రాన్ని తప్పు పట్టడు. వేళ చూడడంలో పొరపాటు జరిగిందంటాడు!

పోటీ జరగకుండానే ఫలితం తేల్చాలన్న తహతహ మనకు కొత్త కాదు. కవచకుండలాలు ఉండి ఉంటే కర్ణుణ్ణి అర్జునుడు గెలవగలిగేవాడా అని అరుగుల మీద ఎన్ని తరాలు వాదించుకున్నాయో లెక్కలేదు. అరుగులు లేని మిస్సిసాగాలో ఆ పని బేస్‌మెంట్లలో జరుగుతుంది. భోజనాలయ్యాక పెద్దవాళ్లు ఎన్టీఆర్ గొప్పా ఏఎన్నార్ గొప్పా అని మొదలుపెడితే, ఇక్కడ పుట్టి పెరిగిన కుర్రవాళ్లు మరో మూల చేరి ముహమ్మద్ అలీకీ మైక్ టైసన్‌కూ పోటీ పెడితే ఎవరు గెలుస్తారని కొట్లాడుకుంటారు. వినేవాళ్లకు ఇదంతా పనిలేని పనిలాగే ఉంటుంది. కాస్త నిలబడి వింటే ఆ వాదనలో ఒక పెద్ద చరిత్ర దాగి ఉందని తెలుస్తుంది.

జరగని పోటీలు రెండు రకాలు. కాలం అడ్డొచ్చి జరగనివి కొన్ని, మనుషులు అడ్డుపడి జరగనివ్వనివి కొన్ని. మొదటి రకం మీద ఎంత వాదించినా అది కాలక్షేపమే. రెండో రకం కాలక్షేపం కాదు. ఎవరికో రావలసిన అవకాశాన్ని ఇంకెవరో కాజేసిన కథ అది. హెవీవెయిట్ బాక్సింగ్‌లో ఈ రెండు రకాలకూ మనం కాపురముంటున్న కెనడాతో దగ్గర సంబంధం ఉంది.

టొరంటోలో అలీ

చర్చ్, కార్ల్‌టన్ వీధులు కలిసే చోట ఉన్న మేపుల్ లీఫ్ గార్డెన్స్ కట్టడంలో ఇప్పుడు కింద పెద్ద కిరాణా దుకాణం, పైన విశ్వవిద్యాలయం వారి క్రీడాప్రాంగణం ఉన్నాయి. అక్కడ కూరగాయలు కొనుక్కునే మనవాళ్లలో చాలామందికి 1966 మార్చి 29న అదే కప్పు కింద ముహమ్మద్ అలీ పదిహేను రౌండ్లు పోరాడాడని తెలియకపోవచ్చు.

నిజానికి ఆ పోటీ చికాగోలో, ఎర్నీ టెరెల్‌తో జరగాల్సింది. వియత్నాం వాళ్లతో తనకు ఏ తగాదా లేదని అలీ అనడంతో అమెరికాలో దుమారం లేచింది. చికాగో వాళ్లు వద్దన్నారు. ఇంకొన్ని ఊళ్లు కూడా తలుపులు మూశాయి. చివరికి తలుపు తెరిచింది టొరంటో. అదీ అందరికీ ఇష్టమై కాదు. మేపుల్ లీఫ్ గార్డెన్స్‌ను కట్టించిన కాన్ స్మైత్ ఈ పోటీని ఒప్పుకోలేక డైరెక్టర్ల బోర్డుకు రాజీనామా చేశాడు. ఈ గొడవల మధ్య టెరెల్ తప్పుకున్నాడు. మూడు వారాల గడువు కూడా లేకుండా ఆ ఖాళీలోకి వచ్చినవాడు టొరంటో కుర్రవాడు జార్జ్ చువాలో. క్రొయేషియా జాతివారైన వలస దంపతుల కొడుకు.

అలీ గెలిచాడు. ఆ విషయంలో న్యాయనిర్ణేతలకు సందేహం లేదు. కానీ చువాలో కింద పడలేదు. ఆ రోజే కాదు, 93 పోటీల్లో ఏనాడూ ఎవరి దెబ్బకూ నేలమీద పడలేదు. ఫ్లాయిడ్ పాటర్సన్, జో ఫ్రేజియర్, జార్జ్ ఫోర్‌మన్ లాంటి హేమాహేమీలను ఎదుర్కొన్నాడు. 1972లో వాంకూవర్‌లో అలీతో మళ్లీ తలపడి పన్నెండు రౌండ్లూ నిలబడ్డాడు. ఫ్రేజియర్, ఫోర్‌మన్ పోటీల్లో రిఫరీ మధ్యలో ఆపవలసి వచ్చినా అతను నిలబడే ఉన్నాడు. ఆ తర్వాత మాదకద్రవ్యాలు తన ఇంట్లో చొరబడి కొడుకులను, ఆ దుఃఖం భార్యను తీసుకుపోతే, బడి బడికీ తిరిగి పిల్లలకు ఆ కథ చెప్పుకుంటూ వచ్చాడు.

చువాలో ఆ నాడు ‘నాకు తయారయ్యే గడువు చాలదు’ అని ఊరుకుని ఉంటే, అలీ ముందు అతనెంతసేపు నిలిచేవాడన్నది కూడా ఒక బేస్‌మెంటు వాదనగానే మిగిలిపోయేది. ఓడిపోయాడు గనక వాదన లేదు. పేరు మిగిలింది.

అప్పటికి మిస్సిసాగా అనే నగరమే లేదు. 1968లో పట్టణంగా, 1974లో నగరంగా ఏర్పడింది. చదువునూ పనితనాన్నీ చూసి వలసదారులను రానిచ్చే పాయింట్ల పద్ధతి 1967లో వచ్చింది. పుట్టిన దేశాన్ని బట్టి తలుపు తీసే పాత పద్ధతి పోయి, బరిలోకి దిగే అవకాశం మనబోటి వాళ్లకు దొరికింది అప్పుడే. ఈ సంగతి కొంచెం గుర్తు పెట్టుకోండి.

కంప్యూటరు చెప్పిన జోస్యం

1967 ఏప్రిల్‌లో సైన్యంలో చేరనన్నందుకు అలీ లైసెన్సు పోయింది, కిరీటం పోయింది. మళ్లీ బరిలోకి దిగింది 1970 అక్టోబరులో. పాతికేళ్ల వయసు నుంచి ఇరవై ఎనిమిదేళ్ల దాకా, మనిషి ఒంట్లో సత్తువ పొంగే ఏళ్లన్నీ ఖాళీగా పోయాయి. 1971లో అమెరికా సుప్రీంకోర్టు అతని మీది శిక్షను కొట్టేసింది గానీ, ఆ మూడున్నరేళ్లను ఏ కోర్టు తిరిగి ఇవ్వగలదు?

ఆ ఖాళీలోనే ఒక చిత్రం జరిగింది. మరీ వొరోనర్ అనే రేడియో నిర్మాత 1967లో పాత, కొత్త ఛాంపియన్ల వివరాలన్నీ ఒక ఎన్‌సీఆర్ 315 కంప్యూటరులోకి ఎక్కించి, ఎవరి మీద ఎవరు గెలుస్తారో లెక్క కట్టించాడు. ఆ ఫలితాలను నిజంగా పోటీ జరుగుతున్నట్టే వ్యాఖ్యానంతో రేడియోలో వినిపించాడు. అలీ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడని కంప్యూటరు చెప్పింది. అలీకి ఒళ్లు మండి, తన పరువు పోయిందని పది లక్షల డాలర్లకు దావా వేశాడు. చివరికి రాజీ కుదిరింది. ఆ టోర్నమెంటులో గెలిచిన రాకీ మార్సియానోతో కెమెరా ముందు తలపడడానికి ఒప్పుకున్నాడు.

మార్సియానో 49 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా 1956లో విరమించుకున్నవాడు. 1969లో మయామీలో చిత్రీకరణ నాటికి అతనికి 45 ఏళ్లు. ఒళ్లు తగ్గించుకుని, నెత్తిన విగ్గు పెట్టుకుని వచ్చాడు. ఏ ముగింపు వస్తుందో ఇద్దరికీ తెలియకుండా రకరకాల ముగింపులు తీశారు. సినిమా బయటికి రాకముందే, ఆగస్టు 31న, మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1970 జనవరి 20న ఒకే ఒక్క రాత్రి థియేటర్లలో ఆ బొమ్మ ఆడింది. పదమూడో రౌండులో అలీ కిందపడ్డట్టు చూపించారు. ఆ కంప్యూటరును అలబామాలో తయారు చేసి ఉంటారని అలీ వెక్కిరించినట్టు చెప్పుకుంటారు. నల్లవాళ్ల మీద వివక్షకు ఆ రాష్ట్రం అప్పట్లో పెట్టింది పేరు. నవ్వుతూ అన్నమాటే అయినా అందులో చురక ఉంది. యంత్రానికి పక్షపాతం లేకపోవచ్చు, దానికి అంకెలు అందించే మనిషి మాటేమిటి?

లెక్క ఎందుకు కుదరదు?

పక్షపాతం లేకపోయినా ఈ లెక్క కుదరదు. ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. 1971లో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ అదే ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. ఇక అలీ ఫోర్‌మన్ ముందు నిలవలేడని లెక్కలు వచ్చిన ప్రతివాడూ అన్నాడు. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో అలీ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. తూనికరాళ్లలా ఒకదాని కంటే ఒకటి బరువని వరసగా పేర్చడానికి మనుషులు లొంగరు. ఒకడి పోకడ ఇంకొకడికి గొంతులో వెలక్కాయ. అదే పోకడ మూడోవాడికి పెసరట్టు.

పైగా కాలంతో పాటు ఆట కూడా మారిపోయింది. 1892లో జాన్ సలివన్, జిమ్ కార్బెట్ తొడుగులు వేసుకుని 21 రౌండ్లు కొట్టుకున్నారు. 1915లో హవానాలో జాక్ జాన్సన్ ఓడింది 26వ రౌండులో. అలీ నాటికి పదిహేను రౌండ్లు. 1982లో కొరియా బాక్సర్ కిమ్ డుక్కూ దెబ్బలతో చనిపోయాక అవి పన్నెండుకు తగ్గాయి. మార్సియానో బరువు 185 పౌన్ల ప్రాంతం. ఇప్పుడైతే అతన్ని హెవీవెయిట్‌గా కాక అంతకు కింది తరగతి అయిన క్రూజర్‌వెయిట్‌లో దింపుతారు. పోనీ, చిన్నవాడు పెద్దవాణ్ణి గెలవలేడందామా? క్రూజర్‌వెయిట్ నుంచి పైకి వచ్చిన ఉక్రెయిన్ వీరుడు ఉసిక్ 2024 మేలో తనకంటే దాదాపు 40 పౌన్లు ఎక్కువున్న టైసన్ ఫ్యూరీని ఓడించాడు. ఇన్ని మెలికలున్న చోట కంప్యూటరు జోస్యానికీ కుక్కుటశాస్త్రానికీ పెద్ద తేడా లేదు. కాలం విడదీసిన వీరులను కలపడం ఎవరి తరమూ కాదు. అది సరదాగా ఉన్నంత వరకు సరదాయే.

రంగు చూసి గీసిన గీత

ఇక రెండో రకానికి వద్దాం. ఇక్కడ సరదా లేదు. ఇద్దరు వీరులూ ఒకే కాలంలో ఉన్నారు, ఇద్దరికీ వయసు ఉంది, చూసే జనం ఉన్నారు. అయినా పోటీ జరగలేదు. కారణం ఒక్కటే, ఒంటి రంగు. కోడి ఈకల రంగు చూసి గెలుపోటములు చెప్పడం మూఢనమ్మకం అనుకుంటే, మనిషి ఒంటి రంగు చూసి అసలు బరిలోకే రానివ్వకపోవడాన్ని ఏమనాలి? నల్లవాడితో హెవీవెయిట్ కిరీటం కోసం తలపడనని సలివన్ బాహాటంగా ప్రకటించుకున్నాడు. ఆ తర్వాతి వాళ్లూ అదే దారి పట్టారు.

ఆ గీత దాటినవాడు మన ఒంటారియో వాడే. హానోవర్ దగ్గర 1881లో పుట్టిన నోవా బ్రూసో. టామీ బర్న్స్ అన్న పేరుతో 1906లో ఛాంపియన్ అయ్యాడు. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలే. జాక్ జాన్సన్ అనే నల్లజాతి యోధుడు పోటీ ఇవ్వమంటూ అతని వెంట లండన్ దాకా, అక్కణ్ణుంచి ఆస్ట్రేలియా దాకా వెళ్లాడు. ముప్ఫై వేల డాలర్లు చేతిలో పడితే గాని బర్న్స్ ఒప్పుకోలేదు. 1908 డిసెంబరు 26న సిడ్నీలో పోటీ జరిగింది. పద్నాలుగో రౌండులో పోలీసులు అడ్డుపడి ఆపవలసినంతగా జాన్సన్ కొట్టాడు. బర్న్స్ ధర్మం కోసం ఒప్పుకున్నాడని ఎవరూ అనరు. డబ్బు కోసమే. అయినా, తనకు ముందున్న వాళ్లు చేయని పని చేశాడన్నది నిజం.

దాని ఫలితం ఏమిటో చూడండి. కిరీటం నల్లవాడి నెత్తికెక్కడం భరించలేని వాళ్లు, ఓటమి ఎరగకుండా 1905లో విరమించుకున్న జిమ్ జెఫ్రీస్ ఉంటే కథ వేరుగా ఉండేదన్నారు. ‘జెఫ్రీస్ అయితేనా!’ అన్న ఊహ పత్రికలకెక్కి, ఆయన్ను పొలం నుంచి లాక్కొచ్చి 1910 జులై 4న రీనోలో నిలబెట్టింది. పదిహేనో రౌండులో జాన్సన్ గెలిచాడు. ఆ రాత్రి అమెరికాలో ఊరూరా అల్లర్లు చెలరేగి మనుషుల ప్రాణాలు పోయాయి. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. ఆ పోటీ ఫిల్మును జనం చూడకుండా, 1912లో బాక్సింగ్ ఫిల్ములు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పోకూడదని చట్టమే చేశారు. కోడిపందెం కారెంపూడి యుద్ధం దాకా పోయిన పల్నాటి కథ తెలిసిన మనకు ఇది ఆశ్చర్యం కాదు. పందెం మీద పరువు పెట్టినచోట బరి బయటే ఎక్కువ రక్తం పారుతుంది. అలీని కంప్యూటరులో ఓడించినవాడు కూడా ఈ జెఫ్రీసే కావడం గమనించండి. అలీకి ఎందుకంత కోపం వచ్చిందో అర్థమవుతుంది.

కథ ఇక్కడితో అయిపోలేదు. నోవా స్కోషియాలోని వేమత్ ఫాల్స్‌లో శామ్ లాంగ్‌ఫర్డ్ అనే నల్లజాతి యోధుడు పుట్టాడు. మనిషి పొట్టి, చేతులు మాత్రం చాలా పొడుగు. 1906లో జాన్సన్‌తో పదిహేను రౌండ్లు పోరాడి ఓడాడు. తర్వాత ఇంకా బలపడ్డాడు. జాన్సన్ ఛాంపియన్ అయ్యాక లాంగ్‌ఫర్డ్‌కు కిరీటం పోటీ ఒక్కసారి కూడా ఇవ్వలేదు. తనకు అడ్డంగా గీసిన గీతను దాటి వచ్చినవాడే, తన వెనక వచ్చేవాడికి గీత గీశాడు. ఆ తర్వాతి ఛాంపియన్లూ అంతే. తాను పోరాడడానికి జంకిన ఒకే ఒక మనిషి లాంగ్‌ఫర్డ్ అని జాక్ డెంప్సీ ఆత్మకథలో ఒప్పుకున్నాడు. హ్యారీ విల్స్ అనే మరో నల్లజాతి యోధుడు డెంప్సీతో పోటీ కోసం ఏళ్ల తరబడి ఎదురు చూశాడు. ఒప్పందం మీద సంతకాలు కూడా అయ్యాయి, పోటీ మాత్రం జరగలేదు. జాన్సన్ తర్వాత మరో నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్, జో లూయీ, రావడానికి 1937 దాకా పట్టింది.

లాంగ్‌ఫర్డ్ చూపు పోయింది. 1944లో ఒక పత్రికా రచయిత వెతుక్కుంటూ వెళ్తే హార్లెమ్‌లో ఒక చీకటి గదిలో, చేతిలో చిల్లిగవ్వ లేకుండా దొరికాడు. 1956 జనవరిలో కన్ను మూశాడు. పుస్తకాల్లో ఆయన పేరు పక్కన ‘కిరీటం లేని రాజు’ అన్న బిరుదు ఉంటుంది. బిరుదు మంచిదే, కానీ అన్నం పెట్టదు.

మనకు తెలిసిన కాలంలోనూ

ఈ జబ్బు పాతకాలంతో పోయిందనుకోవద్దు. కారణాలు మారాయంతే. మిస్సిసాగా నుంచి 401 మీద గంట ప్రయాణంలో ఉన్న కిచనర్‌లో పెరిగిన లెనాక్స్ లూయిస్ 1988 సోల్ ఒలింపిక్స్‌లో కెనడాకు బంగారు పతకం తెచ్చాడు. 1932 తర్వాత బాక్సింగ్‌లో కెనడాకు అదే మొదటి బంగారం. ఫైనల్‌లో అతని చేతిలో ఓడింది రిడిక్ బో. నాలుగేళ్ల తర్వాత బో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. నిబంధనల ప్రకారం లూయిస్‌తో తలపడాలి. బేరసారాలు తెగలేదు. 1992 డిసెంబరులో లండన్‌లో విలేకరుల ముందు బో తన బెల్టుల్లో ఒకదాన్ని చెత్తబుట్టలో పడేశాడు. ఆ బెల్టు లూయిస్‌కు వెళ్లింది. ఇద్దరి మధ్య పోటీ ఏనాటికీ జరగలేదు. లూయిస్, టైసన్‌ల పోటీ జరిగింది గానీ, అది 2002లో, ఇద్దరికీ ముప్ఫై అయిదేళ్లు దాటాక. పండు రాలిపోయాక చెట్టెక్కినట్టు.

మన గోదాలు, మన బరులు

మన వాళ్ల కథలోనూ ఇలాంటి పోటీలున్నాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని కలియుగ భీముడనిపించుకున్నారు. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉంది. ఐరోపాలో బలానికి మారుపేరైన శాండో 1904-05లో భారతదేశం వచ్చాడు. మన తాతల తరం తాలింఖానాల్లో రామ్మూర్తి, శాండోల జోడీ మీద ఎంత వాదించుకున్నా తక్కువే. 1910లో లండన్ వెళ్లిన గామా పహిల్వాన్ ఎవరొచ్చినా సరేనని సవాలు విసిరాడు. రోలర్‌ను గెలిచాడు. జిబిస్కో ఎక్కువసేపు నేలకు కరుచుకుని పడుకుని ఓటమి తప్పించుకున్నాడు. అమెరికా మేటి ఫ్రాంక్ గాచ్ మాత్రం గామా ఎదుటికి రానే లేదు. తెల్లదొరల ఏలుబడిలో ఉన్న జాతికి అలాంటి పోటీ కుస్తీ ఒక్కటే కాదు. అందుకే ‘గాచ్ వచ్చి ఉంటే’ అన్న మాటను మన పెద్దలు అంత పట్టుదలగా అనుకునేవారు.

ఇక్కడే మన తెలుగునేల మీద నుంచి వచ్చిన ఒక అమ్మాయిని తలుచుకోవాలి. ఆమె హెవీవెయిట్ కాదు, యాభై కిలోల పిల్ల. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు 51 కిలోల తరగతిలో మేరీ కోమ్‌ను ఎంపిక పోటీ లేకుండానే పంపాలన్న మాట వచ్చింది. మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఆమె పేరు వింటేనే చేతులు జోడించే దేశంలో, నాకూ ఒక అవకాశం ఇవ్వండని నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి బాహాటంగా లేఖ రాసింది. చాలామంది తప్పు పట్టారు. పెద్దావిడతో పోటీయా అన్నారు. డిసెంబరు 28న ఢిల్లీలో పోటీ పెట్టారు. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయింది.

ఓడిపోయింది గనక ఆ లేఖ వృథా అయిందా? పోటీయే పెట్టకపోతే ఆమె జీవితమంతా ‘నన్ను దింపి ఉంటే’ అనుకుంటూ బతకవలసి వచ్చేది. మేరీ కోమ్ విజయం మీద కూడా ఒక మచ్చ ఉండిపోయేది. పోటీ జరిగింది గనక ఇద్దరికీ న్యాయం జరిగింది. తన లోటు ఎంతో తెలుసుకున్న నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. లాంగ్‌ఫర్డ్‌కు జీవితంలో ఏనాడూ దొరకనిది ఆమె ఒక్క లేఖతో అడిగి పుచ్చుకుంది. అది గెలుపు కాదు. బరిలోకి దిగే హక్కు.

మన పిల్లలకు ఏం చెబుదాం?

అలీ, టైసన్‌ల మీద మన పిల్లలు వాదించుకుంటుంటే వారించవద్దు. వీలైతే మనమూ కూర్చుందాం. మార్సియానో పిడికిలి గొప్పదా, అలీ కాలి నడక గొప్పదా అన్నది ఎటూ తేలదు, తేలవలసిన అవసరమూ లేదు. దానితో పాటు ఇంకొక ప్రశ్న కూడా వాళ్ల ముందు పెడదాం. ఫలానా ఇద్దరూ ఎందుకు కలవలేదు? కాలం కలవనీయలేదా, మనుషులు కలవనీయలేదా? మొదటిదైతే నవ్వుకుని మరో అరిసె అందుకోవచ్చు. రెండోదైతే, ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో వెతకమందాం. లాంగ్‌ఫర్డ్ పేరు, విల్స్ పేరు వాళ్ల నోట పలికిద్దాం.

మనం ఈ దేశానికి వచ్చిన నాడు ఎవరూ మనకు గెలుపు రాసి ఇవ్వలేదు. రంగు చూడకుండా బరి తలుపు తీశారు. కొందరం నెగ్గాం, కొందరం దెబ్బలు తిని లేచాం. అక్కడి డిగ్రీలకు ఇక్కడ విలువ లేదన్నప్పుడు, ఇంటర్వ్యూకే పిలవనప్పుడు మనకు బాధ కలిగింది ఓడినందుకు కాదు, దింపనందుకు. ఆ బాధ తెలిసిన వాళ్లం గనక మన చేతిలో తాళంచెవి ఉన్న చోట, అది చిన్న ఆఫీసైనా, మన సంఘం వేదికైనా, మన తర్వాత వచ్చినవాడికి గీత గీయకుండా ఉందాం. జాక్ జాన్సన్ అంతటి వీరుడు చేయలేకపోయిన పని అది.

పాఠకులందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.